అర పాయింటు సంబంధం

"ఇది గాడిద కదా?"

ప్రమోదిని ధనరాజుతో మాట్లాడిన మొట్టమొదటి మాట అది. ఆమెని చూడగానే అతని గుండె ఒక గేరు తప్పింది గానీ, ముందు గుర్రం పరువు కాపాడాలి.

"గాడిద కాదండి, గుర్రం. ఫెరారీవాళ్ల గుర్రం."

"ఫెరారీవోల్లెవులు? ఏ ఊరు?"

"ఇటలీ అండి."

"ఇటలీవోల్ల గుర్రం మా నాన్న ఇంజిను మీదెందుకు?"

2009 మార్చి మొదటివారం, మంచినీళ్లపేట సముద్రపు ఒడ్డు. ప్రమోదిని తండ్రి కూర్మారావు బోటు ఇంజిను మొరాయిస్తే కాశీబుగ్గలో ధనరాజు షాపుకి పంపారు. వెళ్లేటప్పుడు అది బూడిదరంగులో ఉంది. నాలుగు రోజుల తర్వాత పండిన టమాటాలా ఎర్రగా తిరిగొచ్చింది. మధ్యలో పసుపుపచ్చ బిళ్ల, ఆ బిళ్లలో వెనక కాళ్ల మీద లేచిన జీవం ఒకటి.

ధనరాజుకి ఫార్ములా వన్ కారు రేసులంటే పిచ్చి. అందులోనూ ఎర్రకార్ల ఫెరారీ జట్టంటే ప్రాణం. ప్రేమ ఎక్కువైనప్పుడల్లా చేతికందినదానికి ఎర్రరంగు పూసేస్తాడు.

"పెయింటుకేటీ తీసుకోలేదండి" అన్నాడు మెల్లగా.

"తీసుకుంటే ఒంటెని ఏసీవోడివేమో" అని ఆమె నవ్వు దాచుకుంటూ వెళ్లిపోయింది.

కూర్మారావు మాత్రం రంగు పట్టించుకోలేదు. తాడు లాగాడు. ఇంజిను ఒక్క లాగుకే అందుకుంది. కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టు విన్నాడు. "బాగున్నాది. గొంతులో జీర లేదు" అన్నాడు.

అతనికి ఇంజిన్ల విషయంలో ఒక గట్టి పట్టింపు ఉంది. ఒకప్పుడు ఎవరో మెకానిక్ "ఏటీ పర్లేదు, ఎల్లిపో" అంటే నమ్మి వేటకెళ్లి, ఇంజిను ఆగిపోయి, రెండు పగళ్లు రెండు రాత్రులు నీళ్ల మీద తేలాడు. అప్పట్నుంచీ ఇంజిను సంగతి ముందే చెప్పగలిగినవాడే మనిషి, మిగతావాళ్లంతా గాలి అని అతని సిద్ధాంతం.

ఆ తర్వాత ధనరాజు పదిహేను రోజుల్లో ఆరుసార్లు మంచినీళ్లపేట వచ్చాడు. అతని సొంతూరు అదే తీరంలోని దేవునల్తాడ. వాళ్లదీ వేటకెళ్లే కుటుంబమే కాబట్టి రాకపోకలకి అడ్డేమీ లేదు. సాకే కావాలి. వచ్చినప్పుడల్లా ప్లగ్గు చూడాలనేవాడు.

"ఓరి నాయనా, నా పెల్లైన కొత్తలో నా పెల్లాన్ని కూడా ఇన్నిసార్లు సూసుకోలేదు" అన్నాడు కూర్మారావు ఆరోసారి.

ఆ ఆరోసారి ఆదివారం. వాకిట్లో అప్పటికే ఒక బైకు ఉంది. దాని మీద వెండిరంగు టోపీ పెట్టుకుని ఢిల్లీబాబు కూర్చున్నాడు. ప్రమోదినికి మేనత్త కొడుకు. టెక్కలిలో బైకుల షోరూంలో సేల్స్ చూస్తాడు. ప్రమోదినిని చేసుకుంటానని రెండేళ్లుగా అడుగుతున్నాడు. దురదృష్టవశాత్తూ అతనికీ కారు రేసుల పిచ్చే.

ఇద్దరికీ మధ్యలో పేపరు. అందులో ఆ ఏడాది పోటీపడే పది జట్ల కార్ల బొమ్మలూ వేశారు.

"బేసిగ్గా మావయ్యా, ఈ ఇయర్ మెక్‌లారెన్‌దే. పోయినేడు చాంపియన్ డ్రైవర్ ఆల్లకాడే ఉన్నాడు" అన్నాడు ఢిల్లీబాబు.

"డ్రైవరు కప్పు వేరు, జట్టు కప్పు వేరు. జట్టు కప్పు పోయినేడు ఫెరారీదే మావా. ఈయేడూ అదే" అన్నాడు ధనరాజు.

"ఇన్ యువర్ డ్రీమ్స్."

"నీ డ్రీములోకి కూడా మా ఎర్రకారే వత్తాది, సూసుకో."

అలా అరగంట నడిచింది. వలకి ముడి వేసుకుంటున్న కూర్మారావు చేతిలో దారం చిక్కుపడింది.

"ఆపండెహె! మీరిద్దరూ నా గుమ్మంలోకి దేనికొత్తన్నారో నాకు తెలీదేటి? ఇద్దరికీ ఇంజిన్లు తెలుసంటన్నారు కదా. ఏడాది ఆకరికి ఏ జట్టు కప్పు కొడతాదో ఎవులి మాట నిజమైతే ఆడికే నా పిల్లనిత్తాను. గంగమ్మతల్లి సాచ్చి!"

"నేనేటి నాన్నా, కప్పునా కప్పనా? గెలిసినోడి సేతిలో ఎట్టీడానికి?"

గుమ్మంలో ప్రమోదిని నిలబడి ఉంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అప్పుడే షేరాటో దిగి వచ్చింది. సంచి గోడకి తగిలించి వచ్చి, ఇద్దరి మధ్యలోంచి పేపరు లాగేసుకుంది.

"నేనూ ఒక జట్టు సెప్తాను. నాది గెలిసిందంటే నా పెల్లి నా ఇట్టం. మీరెవులూ నోరెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"నీకేటి తెలుసే కార్ల గురించి?"

"నాకు తెలీదు కదా. మరి బయమెందుకు?"

కూర్మారావు ఇరుక్కున్నాడు. "సర్లే" అన్నాడు.

ప్రమోదిని మూడేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగ్ చేస్తోంది. బల్ల మీద పోసిన పప్పుల్లోంచి మచ్చ ఉన్నదాన్ని, వంకరున్నదాన్ని రెప్పపాటులో ఏరి పారేస్తుంది. పది కార్ల మీదా అలాగే చూపు పారించింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇది."

మగాళ్లిద్దరూ వంగి చూశారు. ఒళ్లంతా తెలుపు, సన్నటి పసుపు గీత, మిగతా కార్లకున్నట్టు కంపెనీల స్టిక్కర్లు దాదాపు లేవు.

"ఎందుకూ?"

"మచ్చల్లేవు. తెల్ల పప్పు. ఫస్టు గ్రేడు."

ఢిల్లీబాబు బైకు మీంచి జారిపడేంత నవ్వాడు. "ఓసే, ఇది బ్రౌన్ టీము! పాత కంపెనీ వదిలేసి ఎల్లిపోతే కొత్తగా పేరెట్టేరు. పుట్టి పదారు రోజులైంది!"

"పేరు బ్రౌనూ, రంగు తెలుపూనా?" అంది ప్రమోదిని నానమ్మ సన్యాసమ్మ, నోట్లోంచి చుట్ట తీసి. "పదారు రోజులకి పురుడైనా తీరదు. సరే గానీ కూర్మిగా, ఈ ముగ్గురిదీ గెలవకపోతేనో?"

కూర్మారావు ఆలోచించాడు. "బారువ సంబందం కాయం సేసేత్తాను" అన్నాడు.

బారువలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న ఈశ్వరరావు తరఫున అప్పటికే రెండుసార్లు కబురొచ్చింది. మంచివాడే. కారుకీ ట్రాక్టరుకీ తేడా తెలీదు.

మరుసటి ఆదివారం మొదటి రేసు. డిష్ టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. సన్యాసమ్మ పది నిమిషాలు చూసి విసుక్కుంది.

"ఈ గుంటలు ఎక్కడికెల్తన్నారురా? తిరిగి తిరిగి ఇక్కడికే వత్తన్నారు. తోవ తెలీదేటి?"

"రేసు మామ్మా" అన్నాడు ధనరాజు.

గంటన్నర తర్వాత తెల్లకారు మొదట వచ్చింది. దాని వెనకే రెండోది వచ్చింది. అదీ తెల్లకారే. ఎర్రకార్లు రెండూ ఖాళీ చేతులతో మిగిలాయి.

ప్రమోదిని లేచి, ఎండలో ఆరేసిన చేపల మీంచి కాకుల్ని తోలడానికి వెళ్లింది. వెళ్తూ ధనరాజు వైపు ఒక చూపు విసిరింది. ఆ చూపులో గర్వం పావు వంతు, జాలి పావు వంతు. మిగతా సగం ఏమిటో అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి వారం రోజులు నిద్రపోలేదు.

రెండో రేసు మలేషియాలో. కుండపోత వాన. కార్లు కప్పల్లా జారిపోతుంటే రేసు మధ్యలోనే ఆపేసి సగం పాయింట్లే ఇచ్చారు. గెలిచింది మళ్లీ తెల్లకారే. మొదటి మూడు రేసుల్లో ఫెరారీకి ఒక్క పాయింటు కూడా రాలేదు. మెక్‌లారెన్ ఎక్కడో వెనక దుమ్ములో ఉంది.

దాంతో తీరమంతా ప్రమోదిని పేరు పాకిపోయింది. జనం పదో తరగతి హాల్‌టికెట్లు, కొత్తగా కొనబోయే వలలు, పెళ్లిచూపుల ఫొటోలు పట్టుకొచ్చి "కాస్త గ్రేడింగు సెయ్యమ్మా" అనేవాళ్లు. అవి ఎన్నికల రోజులు. ఇద్దరు కార్యకర్తలు ఇద్దరు అభ్యర్థుల ఫొటోలు తెచ్చి ముందు పెట్టారు. ఆమె రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి గ్రేడింగుకి రావండి" అని ఇచ్చేసింది.

జూన్ నెల వచ్చేసరికి ఏడు రేసుల్లో ఆరు తెల్లకారువే. అప్పుడు ధనరాజు బుర్రలో ఒక దీపం వెలిగింది. ఫెరారీ గెలిస్తే పిల్లని కూర్మారావు ఇస్తాడు. ఢిల్లీబాబు బ్రౌనన్న ఆ తెల్లజట్టు, బ్రాన్, గెలిస్తే పిల్ల తనే ఎంచుకుంటుంది. గెలుచుకోవడం కంటే ఎంచుకోబడటం ఎంత బాగుంటుంది! ఫెరారీ ఎలాగూ లేవదు కూడా.

మర్నాడు షాపు బోర్డుకి తెల్లరంగు వేసేశాడు. తెల్లప్యాంటు, తెల్లచొక్కా తొడుక్కుని, కాశీబుగ్గ ఆటోస్టాండు దగ్గర ప్రమోదిని కోసం నిలబడ్డాడు. సరిగ్గా ఆమె వచ్చేవేళకి తొలకరి వాన దబదబా దిగింది. ఇద్దరూ ఒక మూసిన షట్టరు కిందకి పరిగెత్తారు. ఆమె ముంగురుల మీద చినుకులు. అతను కొత్తగా వేసిన ఇంజిన్ ఆయిల్‌ని కూడా ఎప్పుడూ అంత ఆరాధనగా చూడలేదు.

ఆమె అతన్ని పైనుంచి కిందకి చూసింది. "ఏటిది? కాంపౌండరువయ్యేవా?"

"నేనూ నీ జట్టే. ఇయాల్టి నుంచి."

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. "మరి ఫెరారీ?"

"అదింక లెగదు."

"ఎన్నేల్ల నుంచి నీ జట్టది?"

"పదేల్లు."

"పదేల్లు నెత్తినెట్టుకుని తిరిగినావు. ఏడు రేసులు ఓడిపోయిందని ఒదిలేసినావు. రేపు నాకు టైఫాయిడొచ్చి జుట్టంతా ఊడిపోతే?"

"ఊడదు."

"ఊడితే?"

ధనరాజు తీవ్రంగా ఆలోచించాడు. "టోపీ కొంటాను."

"నీ మొహం! ఓడిపోతన్నోల్ల పక్కన నిలబడ్డం రానోడు నా పక్కనేం నిలబడతాడు? మా నాన్న సముద్రంలో రెండ్రోజులు తేలినప్పుడు మాయమ్మ ఒడ్డునే కూకుంది, తెలుసా? ఇంకో బోటు సూసుకోలేదు."

ఆటో వచ్చింది. ఆమె ఎక్కేసింది. అతను వానలో తడుస్తూ షాపుకి నడిచాడు. వెళ్లగానే ఎర్రరంగు డబ్బా తీశాడు. కింద తెలుపు ఇంకా ఆరలేదు. పైన జల్లు కొడుతోంది. రెండు రంగులూ కలిసిపోయి బోర్డు గులాబీరంగుకి తిరిగింది. దసరా దాకా అందరూ అతన్ని గులాబీ మెకానిక్ అనే పిలిచారు. అతను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఆదివారమల్లా ఎర్రచొక్కా వేసుకుని వచ్చి, కూర్మారావు ఇంట్లో ఒక మూల కూర్చుని, ఓడిపోతున్న కార్లకి చప్పట్లు కొట్టేవాడు. ప్రమోదినితో ఒక్క మాట లేదు. ఆమె మాత్రం టీ ఇచ్చేటప్పుడు గ్లాసు కొంచెం నెమ్మదిగా పెట్టడం మొదలుపెట్టింది.

ఇంతలో కొత్త ప్రమాదం వచ్చింది. ఎద్దుల బొమ్మ వేసుకున్న రెడ్‌బుల్ జట్టు వరసగా గెలవసాగింది. తెల్లకారు నీరసపడింది.

"మావయ్యా, ఈ ఎద్దులోల్లు గెలిత్తే?" అన్నాడు ఢిల్లీబాబు కంగారుగా. బేసిగ్గా అనడం కూడా మర్చిపోయాడు.

"బారువ" అన్నాడు కూర్మారావు.

ఈ సంగతి బారువకి చేరింది. ఈశ్వరరావు ఊరి శివాలయంలో నందికి వెన్న పూయించాడు. ఇక్కడ సన్యాసమ్మ ఎదురింటివాళ్ల ఎద్దుకి గడ్డి వెయ్యడం మానేసింది.

ఆగస్టు ఆఖరి ఆదివారం బెల్జియం రేసు. మొదటి రౌండులోనే నాలుగు కార్లు గుద్దుకుని ఆగిపోయాయి. అందులో తెల్లకారొకటి. అందరూ ప్రమోదిని వైపు జాలిగా చూశారు. ఆ తర్వాత ఒక ఎర్రకారు ముందుకొచ్చింది. ముందుకొచ్చి, అక్కడే ఉండిపోయింది. ఆఖరి రౌండు. ఎర్రకారు గీత దాటింది. ఏడాదంతా రాని గెలుపు!

"వచ్చేసిందీ!" అని పెద్ద కేక.

ఆ కేక ధనరాజుది కాదు. ప్రమోదిని రెండు చేతులూ పైకెత్తి గెంతుతోంది.

సన్యాసమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "ఒసే, నీ బండి మొదట్లోనే గుద్దుకు సచ్చింది కదే. నువ్వెందుకు గెంతుతన్నావు?"

ప్రమోదిని గెంతు మధ్యలోనే ఆగింది. బుగ్గలు ఫెరారీ రంగులోకి తిరిగాయి. "కాలు తిమ్మిరెక్కింది" అని లోపలికి పారిపోయింది. ధనరాజు తలుపు వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. టీవీలో వాళ్లు ఏదో జాతీయగీతం పాడుతుంటే, అది తనకే పాడుతున్నారనుకుని లేచి నిలబడ్డాడు.

అక్టోబరు నాటికి లెక్క తేలింది. ఇంకా రెండు రేసులున్నాయి. వాటిలో బ్రాన్‌కి అర పాయింటు వస్తే చాలు, కప్పు వాళ్లదే.

"అర పాయింటేటి? కొబ్బరి సెక్కా?" అంది సన్యాసమ్మ.

"మలేషియాలో సగం పాయింట్లిచ్చేరు కదా మామ్మా, ఆ సగమే ఇక్కడిదాకా వచ్చింది" అన్నాడు ధనరాజు.

దీపావళి మర్నాడు రాత్రి బ్రెజిల్ రేసు. ఆ మధ్యాహ్నమే గాలివానకి ఒక కొబ్బరిచెట్టు వైర్ల మీద పడి ఊరంతటికీ కరెంటు పోయింది. తెల్లారి పేపరు చూస్తే, అది అచ్చయ్యేసరికి రేసు ఇంకా అయిపోలేదని తెలిసింది. కూర్మారావు వేట మానుకుని, అందర్నీ ఆటో ఎక్కించి కాశీబుగ్గ నెట్‌సెంటరుకి బయల్దేరదీశాడు. ధనరాజు షాపు మూసి వచ్చాడు. ఢిల్లీబాబు టెక్కలి నుంచి బైకు మీద దిగాడు.

నెట్‌సెంటరు రమణమూర్తి తాళం తీస్తూ అలవాటుగా అడిగాడు. "ఏ పరీక్ష రిజల్టండీ? హాల్‌టికెట్ నంబరు?"

"పెల్లి" అన్నాడు కూర్మారావు.

రమణమూర్తి ఇంకేమీ అడగలేదు. పేజీ తెరిచాడు. అది పైనుంచి కిందకి, అంగుళం అంగుళం చొప్పున దిగుతోంది. ముందు ఆకాశం కనిపించింది. తర్వాత ఎత్తిన పిడికిలి. తర్వాత హెల్మెట్. తర్వాత నీలం కారు. కారు ముక్కు మీద ఎద్దు.

"ఎద్దు గెలిసింది" అన్నాడు కూర్మారావు.

ప్రమోదిని కుర్చీ వెనక పట్టుకుంది. అందరూ ఉన్నారన్న సంగతి మరిచిపోయి, ఆమె తిన్నగా ధనరాజు కళ్లలోకి చూసింది. మార్చిలో అర్థంకాని ఆ సగం చూపు అతనికి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. సరిగ్గా అప్పుడే కూర్మారావు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని గుమ్మంలోకి నడిచాడు.

"అలో, బారువేనా? ముహూర్తాలు సూసుకోండి..."

"మావా, ఆగు!" ధనరాజు మౌసు లాక్కుని పేజీ కిందకి జరిపాడు. "రేసు ఎద్దుది. జట్టు కప్పు వేరు! ఇదిగో, తెల్లకార్లు ఒకటి ఐదోది, ఒకటి ఎనిమిదోది. ఐదు పాయింట్లొచ్చేయి. కప్పు బ్రాన్‌దే! ప్రమోదిని గెలిసింది!"

ఎర్రచొక్కా వేసుకున్నవాడు తెల్లజట్టు గెలిచిందని కళ్లు తుడుచుకుంటున్నాడు.

"అర కావాలంటే ఐదిచ్చేరా? మిగతా నాలుగున్నర ఏటి సేసుకుంటారు?" అంది సన్యాసమ్మ.

కూర్మారావు ఫోనులోకి "రాంగ్ నంబరండి" అనేసి పెట్టేశాడు. లోపలికొచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. "మాటంటే మాటే. నీ ఇట్టం. సెప్పు."

ఢిల్లీబాబు టోపీ సర్దుకున్నాడు. "బేసిగ్గా, నెక్స్ట్ సీజన్ దాకా వెయిట్ చేస్తే మెక్‌లారెన్..."

"నెక్స్ట్ సీజన్‌కి నాకు పెల్లైపోద్ది బావా. నువ్వు మంచోడివి. నువ్వే వచ్చి పందిరెయ్యాలి." ఆ మాట మెత్తగానే అంది. తర్వాత అందరి వైపూ తిరిగింది.

"ఏడు నెలలైంది. ఒకరు ఇటలీని నమ్ముకున్నారు, ఒకరు ఇంగ్లండుని నమ్ముకున్నారు, ఇంకొకరు నందిని నమ్ముకున్నారు. నన్నెవులైనా అడిగేరా?"

ఎవరూ అడగలేదు. ఆ సంగతి అందరికీ ఒకేసారి తట్టింది. కూర్మారావు తల గోక్కున్నాడు.

ధనరాజు ముందుకొచ్చాడు. పిస్టన్ల గురించి నాలుగు గంటలు ఆపకుండా మాట్లాడగలిగినవాడికి నాలుక పిడచగట్టుకుపోయింది.

"వానలో నువ్వన్నది నిజమే. ఆయేల నేను పారిపోయినాను. మల్లీ పారిపోను. ఓడిపోయినా పక్కనే ఉంటాను, నువ్వైనా, నేనైనా. ప్రమోదినీ, నన్ను సేసుకుంటావా?"

"సేసుకుంటాను" అంది ఆమె.

అంతే అంది. ఆలోచించుకోలేదు, సిగ్గుపడలేదు, పేపరూ చూడలేదు. సన్యాసమ్మ ఇద్దరి తలల మీదా చేతులు వేసి, ఉన్న నాలుగు పళ్లతోనూ నవ్వింది.

ప్రమోదిని తండ్రి వైపు తిరిగింది. "సూసేవా నాన్నా? ఇంతే. మార్చిలోనే అయిపోయే పని."